నాబ్ ఏసీయా, ఆటో క్లైమేటా: బ్లోయర్ నడిచే తీరును బట్టి కారు ఎంచుకోవడం

దక్షిణ ఒడిశాలో ఉండే తెలుగు కుటుంబాలు కారు కొనాలనుకున్నప్పుడు, బరంపురంలో చూసుకున్నా, సరిహద్దు దాటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం షోరూములకు వెళ్లినా, చివరికి ఒకే మోడల్‌లోని రెండు వేరియంట్ల దగ్గర ఆగి ఆలోచనలో పడతాయి. ఒకదానిలో నాబ్ తిప్పి 1, 2, 3, 4 అంకెల్లో గాలి పెంచుకునే మామూలు ఏసీ ఉంటుంది. దాని పై వేరియంట్‌లో డిగ్రీల అంకె చూపించే, ‘ఆటో’ అని రాసి ఉన్న మీట గల క్లైమేట్ కంట్రోల్ ఉంటుంది. అమ్మేవారు రెండో దాని గురించి చెప్పేటప్పుడు తెరనూ టచ్ మీటలనూ చూపిస్తారు గాని, లోపల గాలి తోసే బ్లోయర్ ఎంత వేగంతో తిరగాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, దేన్ని చూసి నిర్ణయిస్తున్నారు అన్న సంగతి చెప్పరు. నా దృష్టిలో ఈ రెండు ఏసీల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. అది తెలిస్తే, అదనంగా పెట్టే డబ్బు మీ ఇంటికి గిట్టుబాటు అవుతుందో లేదో మీరే తేల్చుకోగలరు.

ముందుగా ఒక అపోహ తీరాలి. ఆటోమేటిక్ ఏసీ ఎక్కువ చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. మోడల్, ఇంజిన్ ఒకటే అయినప్పుడు కంప్రెసర్, కండెన్సర్, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ సాధారణంగా రెండు వేరియంట్లలోనూ ఒకటే ఉంటాయి. ఎండలో కాగిన కారును చల్లబరిచే శక్తి రెండింటికీ ఇంచుమించు సమానం. చల్లదనాన్ని కాయిల్ తయారు చేస్తుంది, దాన్ని మన దాకా మోసుకొచ్చేది బ్లోయర్. కాబట్టి పోలిక అంతా ఎంత గాలి, ఎప్పుడు, ఎంతసేపు అన్న విషయం చుట్టూ తిరగాలి.

నాబ్ ఏసీలో వేగం ఎలా తగ్గుతుంది

మామూలు ఏసీలో వేగం తగ్గించే పని ఒక చిన్న రెసిస్టర్‌ది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ ఊడదీసి తల వంచి చూస్తే, బ్లోయర్ డబ్బా పక్కన రెండు స్క్రూలతో బిగించిన ఒక కనెక్టర్ కనిపిస్తుంది. దాన్ని పైకి లాగితే లోపలి వైపు తీగ చుట్టలు గాని, పలుచని పింగాణీ పలక గాని బయటికి వస్తుంది. నాబ్ 1లో ఉన్నప్పుడు కరెంటు ఆ చుట్టలన్నింటి గుండా వెళ్లి మోటారుకు చేరుతుంది, కాబట్టి మోటారుకు అందే వోల్టేజి తక్కువ. 2లో, 3లో కొన్ని చుట్టలు తప్పిపోతాయి. 4లో రెసిస్టర్‌తో పనే లేదు, బ్యాటరీ వోల్టేజి నేరుగా మోటారుకు వెళ్తుంది. తగ్గించిన వోల్టేజి అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని చల్లార్చడానికే రెసిస్టర్‌ను బ్లోయర్ గాలి తగిలే చోట అమర్చుతారు.

ఈ అమరికను బట్టే దాని జబ్బు కూడా ఇట్టే దొరికిపోతుంది. 1, 2, 3 పని చేయకుండా 4 మాత్రం పూర్తి జోరుగా పని చేస్తుంటే, నూటికి తొంభై పాళ్లు రెసిస్టర్ పోయినట్లే. వేడి మితిమీరినప్పుడు కరిగి తెగిపోయే ఫ్యూజు చాలా రెసిస్టర్లలో ఉంటుంది, అదే తెగి ఉంటుంది. కొత్తది వందల రూపాయల్లో దొరుకుతుంది, మార్చడానికి ఎక్కువ సమయం పట్టదు, రాయగడలోనైనా గుణుపురంలోనైనా చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ ఎవరైనా చేయగలరు. అయితే పాత కనెక్టర్ పిన్నులు నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే రెసిస్టర్ ఒక్కటే మార్చి పంపించే మెకానిక్ మాట వినకండి. బేరింగ్ బిగుసుకున్న పాత మోటారు ఎక్కువ కరెంటు లాగడం వల్ల తరచూ అలా కాలుతుంది. మోటారును చూడకపోతే కొత్త రెసిస్టర్ కూడా అదే దారి పడుతుంది.

కరెంటు లెక్కలో ఒక మాట. ఫ్యాన్ సూత్రం ప్రకారం గాలి సగానికి తగ్గితే మోటారుకు కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెసిస్టర్ పద్ధతిలో ఆ ఆదాలో కొంత వేడి రూపంలో పోతుంది. వినడానికి పెద్ద నష్టంలా ఉన్నా, బ్లోయర్ పూర్తి వేగంలో తీసుకునేది కొన్ని వందల వాట్లు మాత్రమే. ఇంజిన్ మీద అసలు భారం కంప్రెసర్‌ది, అది కిలోవాట్లలో ఉంటుంది. కాబట్టి మైలేజీ కోసం ఆటో క్లైమేట్ కొనమని ఎవరైనా చెబితే ఆ కారణాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆటోలో లెక్క ఎవరు కడతారు

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్‌లో నాబ్ తిప్పే చేతి స్థానంలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దానికి సమాచారం ఇచ్చేవి కొన్ని సెన్సర్లు. స్టీరింగ్‌కు దగ్గర్లో డ్యాష్‌బోర్డు మీద చిన్న జాలీ వెనక ఉండే సెన్సర్ లోపలి గాలి వేడిని కొలుస్తుంది. ఆ జాలీలోకి గాలిని నెమ్మదిగా లాగే ఏర్పాటు కూడా ఉంటుంది, లేకపోతే అది డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడినే చూపిస్తుంది. ముందు బంపర్ వెనక ఉండేది బయటి వేడిని చూస్తుంది. అద్దం కింద, డ్యాష్‌బోర్డు పైభాగంలో నల్లటి బొత్తంలా కనిపించేది ఎండ తీవ్రతను గ్రహిస్తుంది. కూలింగ్ కాయిల్ మీద ఒకటి, ఇంజిన్ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని చెప్పేది ఇంకొకటి ఉంటాయి. కొన్ని కార్లలో అద్దం దగ్గర తేమను కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది.

మనం 25 అని పెట్టామనుకుందాం. లోపల 25 వచ్చిందా లేదా అన్న ఒక్క తేడాను చూసి ఆ కంప్యూటర్ ఫ్యాన్ నడపదు. కోరిన ఉష్ణోగ్రత, లోపలి వేడి, బయటి వేడి, ఎండ, వీటిలో ప్రతిదానికీ ఒక తూకం ఇచ్చి, వెంట్లలోంచి ఎంత డిగ్రీల గాలి రావాలో ముందు లెక్క కడుతుంది. ఆ లెక్కను బట్టి చల్లగాలిని వేడిగాలితో కలిపే తలుపును ఎంత తెరవాలో, బ్లోయర్‌ను ఎంత వేగంతో తిప్పాలో రెండూ నిర్ణయిస్తుంది. రావలసిన గాలి మరీ చల్లగా ఉండాలంటే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది, మరీ వేడిగా ఉండాలన్నా అంతే. ఆ రెండు కొసల మధ్య, కారు లోపల హాయిగా ఉన్న సమయంలో, ఫ్యాన్ అన్నిటికంటే నెమ్మదిగా నడుస్తుంది. కాగితం మీద గీస్తే రెండు చివరలా లేచి నడుమ కిందికి దిగిన వంపు అది. ఈ వంపును మనసులో పెట్టుకుంటే ఆటో ఏసీ చేసే పనులు చాలావరకు అర్థమవుతాయి.

ఏప్రిల్ మధ్యాహ్నం రాయగడ స్టేషను ముందు ఎండలో నిలిపిన కారును తీసుకోండి. లోపల 50 డిగ్రీలు దాటి ఉంటుంది. స్టార్ట్ చేసి ‘ఆటో’ నొక్కగానే గాలి హోరుమని రాకపోవచ్చు. చాలా కార్లు మొదటి కొన్ని సెకన్లు బ్లోయర్‌ను కావాలనే నెమ్మదిగా ఉంచుతాయి, ఎందుకంటే గొట్టాల్లో నిలిచిన సెగను ముఖం మీదికి తోయడం వల్ల ప్రయోజనం లేదు, కాయిల్ కాస్త చల్లబడాలి. తర్వాత ఫ్యాన్ పూర్తి వేగానికి ఎగబాకుతుంది, బయటి గాలి తలుపు మూసుకుని లోపలి గాలే తిరుగుతుంది. లోపలి వేడి దిగుతున్న కొద్దీ హోరు తగ్గుతుంది. 4 నుంచి 3కు దూకినట్లు కాకుండా, చెవికి తెలియనంత మెల్లగా తగ్గుతుంది. తెర మీది ఫ్యాన్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోవడం చూస్తేనే అది తెలుస్తుంది. నాబ్ ఏసీలో ఇదే పని మన చేయి చేస్తుంది: 4లో పెడతాం, చలి వేశాక 2కు దింపుతాం, వెనక కూర్చున్నవారు ఉక్కగా ఉందంటే మళ్లీ 3కు పెంచుతాం.

ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో క్యాడిలాక్ సంస్థ ‘కంఫర్ట్ కంట్రోల్’ పేరుతో 1964 నాటికే ఇటువంటి ఏర్పాటును కార్లలో పెట్టింది. మన దగ్గర అది చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల పై వేరియంట్ల దాకా వచ్చింది.

ఆ లెక్కను మోటారు దాకా చేర్చే భాగం గురించి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే రిపేరు ఖర్చు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆటో ఏసీలో రెసిస్టర్ బదులు ఒక ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. పాత పద్ధతి మాడ్యూల్ మిగులు వోల్టేజిని తనమీదే మోసి వేడిగా వదిలేస్తుంది, అందుకే దానికి అల్యూమినియం రెక్కలు ఉంటాయి, అది కూడా గాలి దారిలోనే కూర్చుంటుంది. నాలుగు మెట్లు ఉండవు, మోటారుకు సుమారు 4 వోల్టుల నుంచి బ్యాటరీ వోల్టేజి దాకా ఎంతైనా ఇవ్వగలదు. కొత్త పద్ధతి మాడ్యూల్ కరెంటును సెకనుకు ఎన్నో వందల, వేల సార్లు స్విచ్చి వేసి తీసినట్లు చేస్తుంది; వేసి ఉంచిన సమయం ఎక్కువైతే వేగం ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఇందులో వేడి బాగా తక్కువ. బ్రష్‌లు లేని మోటారు ఉన్న కార్లలో ఈ ఎలక్ట్రానిక్స్ మోటారుతోనే కలిసి ఉంటుంది. శబ్దం తక్కువ, అరుగుదల తక్కువ, కాని పోతే మొత్తం కలిపి మార్చాలి.

మన దారులకు ఏది సరిపోతుంది

దేశంలో చాలా చోట్ల ఈ పోలిక డబ్బు, హంగు అన్న రెండు మాటలతో ముగిసిపోతుంది. మన సరిహద్దు జిల్లాల్లో వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. విజయనగరంలో బయలుదేరి సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ దాటి కొరాపుట్ చేరి, అక్కడి నుంచి జయపురం దిగే ప్రయాణం తీసుకోండి. కింద ఉక్క, ఘాట్‌లో ఒక మలుపు ఎండ, ఇంకో మలుపు చెట్ల నీడ, పైన సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌లో చల్లగాలి, మళ్లీ దిగితే వేడి. నాబ్ ఏసీతో ఈ దారిలో వెళ్లేవారు చేతిని ఎన్నిసార్లు డ్యాష్‌బోర్డు వైపు చాపుతారో లెక్క ఉండదు. ఘాట్ మలుపుల్లో ఎదురుగా బొగ్గు లారీయో బాక్సైట్ లారీయో వస్తున్నప్పుడు ఆ చేయి స్టీరింగ్ మీదే ఉండటం మంచిది. ఈ దారిలో తరచూ తిరిగేవారికి, ముఖ్యంగా ఒక్కరే నడుపుకుంటూ వెళ్లేవారికి, ఆటో క్లైమేట్‌కు పెట్టే డబ్బు వృథా కాదని నేను గట్టిగా చెబుతాను. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి ఘాట్, మోహన మీదుగా పర్లాకిమిడి, రాయగడ వైపు వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది.

బరంపురం పట్నంలోనే, ఇంటి నుంచి కొట్టుకూ, కొట్టు నుంచి ఇంటికీ పదేసి నిమిషాలు తిరిగేవారి సంగతి వేరు. సముద్రపు తేమ, ఉక్క ఉన్న చోట అంత తక్కువసేపట్లో లోపలి వేడి ఎప్పుడూ కోరిన అంకెకు దిగదు. వంపులో మరీ చల్లటి గాలి కావలసిన కొసలోనే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతూ ఉంటుంది, దిగే అవకాశమే రాకుండా ఇల్లు వచ్చేస్తుంది. ఆ పని నాబ్‌ను 4లో పెట్టినా జరుగుతుంది. ఇలాంటి వాడకానికి మామూలు ఏసీ ఉన్న వేరియంట్ చాలు. మిగిలిన డబ్బును పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంట్ మీదో, మంచి టైర్ల మీదో పెట్టడం మేలు.

చలికాలం మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తీరప్రాంతం నుంచి కొరాపుట్‌కు ఉద్యోగరీత్యా వచ్చినవారు ఇక్కడే తికమకపడతారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోతుంది. ఆటోలో 25 పెట్టి స్టార్ట్ చేస్తే ఫ్యాన్ దాదాపు కదలదు. ఏసీ పాడైందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు కాస్త ఆగాలి. పెట్రోల్, డీజిల్ కార్లలో వేడి గాలికి ఆధారం ఇంజిన్ కూలెంట్. అది కాగకముందే బ్లోయర్ తిప్పితే కాళ్ల మీదికి మంచులాంటి గాలి వస్తుంది. అందుకే కూలెంట్ కొంత వేడెక్కే దాకా కంప్యూటర్ ఫ్యాన్‌ను ఆపి ఉంచుతుంది, తర్వాత క్రమంగా పెంచుతుంది. డీజిల్ ఇంజిన్ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. నాబ్ ఏసీలో ఈ ఓపిక మనమే పట్టాలి. ఎలక్ట్రిక్ కారులో కాగే ఇంజిన్ ఉండదు కాబట్టి విద్యుత్ హీటర్ త్వరగానే వెచ్చదనం ఇస్తుంది, కాని ఆ శక్తి బ్యాటరీ నుంచే పోతుంది, ఒక్క చార్జింగ్‌తో వెళ్లగల దూరం తగ్గుతుంది.

పొగమంచులో ముందు అద్దం మసకబారినప్పుడు మాత్రం రెండు రకాల ఏసీల్లోనూ చేయాల్సింది ఒకటే. అద్దం లోపలి వైపు మసకబారితే బయటి గాలి లోపలికి రానిచ్చి, ఏసీ ఆన్‌లో ఉంచి, గాలిని అద్దం మీదికి తిప్పాలి. ఆటో కార్లలో ముందు అద్దం గుర్తున్న మీట నొక్కితే ఇవన్నీ ఒకేసారి జరిగి ఫ్యాన్ వేగం పెరుగుతుంది. తేమ సెన్సర్ ఉన్న కార్లు మసక పట్టకముందే ఈ పని మొదలుపెడతాయి, అది నిజంగా ఉపయోగపడే సదుపాయం. వానాకాలం తీరప్రాంతంలో అద్దం బయటి వైపు చెమర్చితే అది వేరే సంగతి: లోపలి చల్లగాలి అద్దానికి తగిలి అలా అవుతుంది, కాబట్టి గాలిని అద్దం మీది నుంచి మళ్లించి, ఉష్ణోగ్రత అంకె పెంచి, వైపర్ వేయాలి.

వెనక సీటులో పెద్దవాళ్లు ఉంటే

ఆటో క్లైమేట్ అమ్మేవారు ఎన్నడూ చెప్పని లోపం ఒకటుంది, మన ఇళ్లకు అదే ముఖ్యం. పెళ్లిళ్లకు, పుణ్యాలకు, ఆసుపత్రులకు సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే కుటుంబాల్లో వెనక సీటు ఖాళీగా ఉండేది తక్కువ. లోపలి వేడిని కొలిచే సెన్సర్ డ్రైవరు మోకాలి దగ్గర ఉంటుంది. ముందు 25 రాగానే కంప్యూటర్ తృప్తిపడి ఫ్యాన్ తగ్గించేస్తుంది; వెనక ముగ్గురు ఇరుక్కుని కూర్చున్న చోట ఇంకా ఉక్కగానే ఉంటుంది. చిన్న కార్లలో, చాలా వరకు అయిదు సీట్ల ఎస్‌యూవీల్లో కూడా, వెనక వెంట్లకు సొంత బ్లోయర్ ఉండదు, ముందు బ్లోయర్ గాలే గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ముందు ఫ్యాన్ తగ్గితే వెనక కూడా తగ్గిపోతుంది.

దీనికి ఉపాయం సులువు. వెనక మనుషులున్నప్పుడు ఫ్యాన్ మీట ఒకసారి పైకి నొక్కండి. చాలా కార్లలో అప్పుడు ఫ్యాన్ ఒక్కటే మన చేతికి వస్తుంది, ఉష్ణోగ్రత లెక్క మాత్రం ఆటోలోనే సాగుతుంది. వెనక చల్లబడ్డాక మళ్లీ ‘ఆటో’ నొక్కితే సరి. ఏడు సీట్ల బండి అవసరమైనవారు ఎర్టిగా, ఇన్నోవా లాంటి వాటిలో వెనకవారి కోసం పైకప్పుకు విడిగా బ్లోయర్, దానికి సొంత స్పీడు మీట ఉండటం గమనించాలి. ముందు ఏసీ ఏ రకమైనదైనా, వెనక విడి బ్లోయర్ ఉందా అన్న ప్రశ్నకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

డ్యూయల్ జోన్ గురించి క్లుప్తంగా. డ్రైవరుకు 23, పక్కవారికి 26 అని వేర్వేరుగా పెట్టుకునే ఈ ఏర్పాటులో వేడి చల్ల గాలులను కలిపే తలుపులు రెండు ఉంటాయి, బ్లోయర్ మాత్రం సాధారణంగా ఒక్కటే. ఇద్దరికీ ఫ్యాన్ వేగం ఒకటే అన్నమాట. గాలి ముఖానికి కొడుతోందని ఇద్దరిలో ఒకరికి ఇబ్బంది ఉంటే డ్యూయల్ జోన్ దాన్ని తీర్చదు. దాని కోసమే పై వేరియంట్‌కు వెళ్లనక్కర్లేదు.

రిపేరు ఎక్కడ చేయిస్తారు

ఇక్కడ మామూలు ఏసీ స్పష్టంగా గెలుస్తుంది. ఆటో క్లైమేట్ బ్లోయర్ మాడ్యూల్ ధర వేలల్లో ఉంటుంది. అది పోయినా ఫ్యాన్ ఆగుతుంది, సెన్సర్ తప్పు చెప్పినా ఫ్యాన్ అడ్డదిడ్డంగా నడుస్తుంది, గాలి తలుపు తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగినా డ్యాష్‌బోర్డులో టకటక శబ్దం వస్తుంది. ఏది కారణమో తేల్చడానికి స్కానర్ పెట్టి చదవగల మనిషి కావాలి. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు శ్రీకాకుళమో బరంపురమో విశాఖపట్నమో వెళ్లాల్సి వచ్చేవారు ఈ విషయాన్ని తక్కువగా చూడకూడదు. పల్లెలు, గనుల దారులు తిరుగుతూ రోజుకో ఊరు వెళ్లే టాక్సీ నడిపేవారికి, కిరాయి బండి పెట్టేవారికి నాబ్ ఏసీయే తీసుకోమని చెబుతాను. బండి ఒక్క రోజు ఆగినా వారికి నష్టమే.

వేరియంట్ ధరలో ఇంకో చిక్కు ఉంది. ఆటో క్లైమేట్ ఒక్కటే ఎవరూ విడిగా అమ్మరు. దానితో పెద్ద తెర, అల్లాయ్ చక్రాలు, వెనక కెమెరా, ఇంకా ఏవేవో జత చేస్తారు. తేడా పదివేలల్లో ఉండవచ్చు, లక్ష దాటనూ వచ్చు. కాబట్టి ఆ జాబితాలో మీకు నిజంగా కావలసినవి ఏవో వేరు చేసి, వాటికే విలువ కట్టండి. తక్కువ వేరియంట్ కొని బయట ఆటో క్లైమేట్ పెట్టించుకోవడం మాత్రం వద్దు. నాబ్ ఏసీ ఉన్న అనేక కార్లలో గాలి తలుపులను తీగలు లాగుతాయి, ఆటోలో మోటార్లు తిప్పుతాయి. సెన్సర్లు, వైరింగ్, ప్యానెల్ అన్నీ మార్చాలి. అంత తవ్వకం తర్వాత వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.

షోరూములో ఇంకొకటి తప్పక చూడాలి. డిజిటల్ అంకె కనిపించినంత మాత్రాన అది ఆటో క్లైమేట్ అయిపోదు. కొన్ని కార్లలో నాబ్ బదులు టచ్ మీటలు పెడతారు గాని ఫ్యాన్ వేగం మనమే మార్చుకోవాలి. ‘ఆటో’ మీట ఉందా, అది నొక్కితే ఫ్యాన్ తనంతట తాను మారుతుందా అన్నదే పరీక్ష. టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం ఎండలో పెట్టించుకోండి. ముందే చల్లబరిచిన కారు ఇస్తామంటే ఒప్పుకోకుండా, కాసేపు ఎండలో నిలిపి ఉంచిన కారు అడగండి. 25 పెట్టి, ‘ఆటో’ నొక్కి, ఇక దేన్నీ ముట్టుకోకుండా పదిహేను, ఇరవై నిమిషాలు నడపండి. ఫ్యాన్ పెరిగి, తర్వాత మెల్లగా దిగి, హోరు లేని స్థాయిలో కుదురుకుంటే ఏర్పాటు బాగున్నట్లు. పెరగడం, తగ్గడం గుంజీలు తీసినట్లు ఉంటే, లేదా చల్లబడ్డాక కూడా హోరు తగ్గకపోతే, ఆ మోడల్‌లో లెక్క సరిగా కుదరలేదన్నమాట. అన్ని కంపెనీల ఆటో ఒకేలా పని చేయదు.

కొన్న తర్వాత దాన్ని పాడుచేసుకునే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ. కారు ఎక్కగానే అంకెను ‘లో’కు (LO, అన్నిటికంటే చల్లటి మెట్టు) దింపేస్తారు, త్వరగా చల్లబడుతుందని. 25 పెట్టినా, కారు కాగి ఉన్నప్పుడు కంప్యూటర్ ఎలాగూ పూర్తి వేగంతోనే మొదలుపెడుతుంది. ‘లో’లో పెడితే చాలా కార్లలో లెక్క కట్టడం ఆగిపోయి, చల్లదనం, ఫ్యాన్ రెండూ చివరి మెట్టు మీదే ఉండిపోతాయి. అంటే అంత డబ్బు పెట్టి కొన్న ఆటోను చేజేతులా నాబ్ ఏసీగా మార్చుకున్నట్లే. 24, 25 దగ్గర పెట్టి వదిలేయండి, చాలకపోతే ఒక్కొక్క డిగ్రీ మార్చుకోండి. మామూలు ఏసీ ఉన్నవారికి కూడా ఒక సలహా: చలి వేస్తే ఉష్ణోగ్రత నాబ్‌ను వేడి వైపు తిప్పకుండా, ముందు ఫ్యాన్ తగ్గించండి. వేడి వైపు తిప్పితే కంప్రెసర్ కష్టపడి చల్లార్చిన గాలిని హీటర్‌తో మళ్లీ కాచినట్లు అవుతుంది.

డ్యాష్‌బోర్డు మీద జగన్నాథ స్వామి, వేంకటేశ్వర స్వామి ప్రతిమలు పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఎండ సెన్సర్ ఎక్కడుందో చూసి, దాని మీద నీడ పడని చోట ప్రతిమను ఉంచండి. సెన్సర్‌ను కప్పే చాపలు, తువ్వాళ్లు కూడా తీసేయండి. నీడలో ఉన్న సెన్సర్ ఎండ లేదని చెబుతుంది, మండుటెండలో కూడా ఫ్యాన్ తగినంత పెరగదు.

రెండు రకాల ఏసీలకూ ప్రాణం లాంటిది క్యాబిన్ ఫిల్టర్. దామన్‌జోడి వైపు ఎర్రమట్టి దారుల్లో, రోడ్డు పనులు జరిగే చోట్ల తిరిగే కార్లలో అది పుస్తకంలో రాసిన గడువు కంటే చాలా ముందే మూసుకుపోతుంది. అప్పుడు ఫ్యాన్ హోరు వినిపిస్తుంది గాని గాలి రాదు. ఆటో అయితే లోపల చల్లబడక గంటల తరబడి పై వేగంలోనే తిరుగుతుంది, మాడ్యూల్‌ను చల్లార్చే గాలి కూడా తగ్గిపోతుంది. కొన్ని కింది వేరియంట్లలో ఫిల్టర్ అసలు పెట్టరు, దాని కోసం ఖాళీ గూడు మాత్రం ఉంటుంది. కొనేటప్పుడే అడిగి వేయించుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో ఆటో క్లైమేట్ కారు చూస్తున్నవారు ఇంజిన్, పత్రాలతో పాటు దీన్నీ పరీక్షించాలి. డ్యాష్‌బోర్డు మీది చిన్న జాలీకి పలుచని టిష్యూ ముక్క ఆనించండి. గాలి లాగే ఏర్పాటు పని చేస్తుంటే, చాలా కార్లలో అది జాలీకి అంటుకుంటుంది. తెర మీది బయటి ఉష్ణోగ్రత అంకె నమ్మదగినట్లు ఉందో లేదో చూడండి. ముందు బంపర్‌కు దెబ్బ తగిలి బాగుచేసిన కార్లలో బయటి సెన్సర్ ఊడి వేలాడుతూనో, అసలు లేకుండానో ఉండటం అరుదు కాదు. ఫ్యాన్‌ను చేత్తో ఒక్కొక్క గీత పెంచుతూ అన్ని వేగాలూ వినండి. పూర్తి వేగం ఒక్కటే పని చేసినా, వేగం దానంతట అదే ఊగిసలాడినా మాడ్యూల్ లేదా కనెక్టర్ దెబ్బతిన్నట్లు అనుకోవాలి. ఆ మోడల్ మాడ్యూల్ ధర, మార్చే కూలి ముందే సర్వీస్ సెంటర్‌లో కనుక్కుని, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమని అడగండి. తగ్గించకపోతే, అదే మోడల్‌లో నాబ్ ఏసీ ఉన్న కారు కోసం ఇంకొన్నాళ్లు వెతకడం మంచిది.